తూర్పు కనుమలు - మన ఊరి చెరువు

గ్రామ పంచాయతీ సభ్యులు చెరువును గూర్చి, బావిని గూర్చి తరచు చర్చింతురు. ఆ నీటికి మూలమైన కొండను గూర్చి చర్చించుట అరుదు. విశాఖ ప్రాంతపు గ్రామములకు ఈ విషయము మిక్కిలి ముఖ్యము.

తూర్పు కనుమలు ఒడిశాలోని మహానది ప్రాంతమునుండి తమిళనాడు వరకు, ఇంచుమించు సముద్రతీరము వెంబడి సాగుచున్నవి. పడమటి కనుమలవలె ఇవి ఎడతెగని గోడ కావు. గోదావరి, కృష్ణ, పెన్న మొదలగు నదులు వీనిని చీల్చుకొని సముద్రమును చేరుచున్నవి. కోట్లాది సంవత్సరముల ఎండవానలకు మెత్తని భాగములు అరిగిపోగా గట్టి భాగములు కొండలుగా మిగిలినవి. కనుక మైదానమున ఒంటరిగా నిలిచిన సింహాచలము కొండయు ఈ కుటుంబములోనిదే. 1933లో ప్రారంభమైన విశాఖ రేవును అలల తాకిడినుండి కాపాడుచున్న డాల్ఫిన్ నోస్ కొండయు అట్టిదే.

ఈ కొండలలో ప్రధానమైన శిల ఖొండలైటు. ఇచ్చటి ఖోండు గిరిజనుల పేరుమీదుగానే దానికి ఆ పేరు వచ్చినది. ఈ శిల కాలక్రమమున శిథిలమై ఎర్రని మట్టిగా మారును. వాననీరు ఆ మట్టిలోను, రాతి బీటలలోను ఇంకి, అడుగున గట్టిరాతిని తాకి, మెల్లగా పల్లమునకు జారును. దారి దొరికినచోట ఊటయై పైకి వచ్చును. సింహాచలము కొండమీది గంగధార ఇట్టి ఊటలలో ప్రసిద్ధమైనది.

అనంతగిరి కొండలలో పుట్టిన గోస్తని, బొర్రా సున్నపురాతి గుహలచెంత పారి, తాటిపూడి జలాశయమును నింపి, భీమునిపట్నమువద్ద సముద్రమున కలియుచున్నది. మాడుగుల కొండలనుండి వచ్చు శారదపై రైవాడ జలాశయము కలదు. ఈ రెండు జలాశయముల నీరు విశాఖ నగరమునకును చేరుచున్నది. ఈ నదులకు హిమాలయ నదులవలె మంచు ఆధారము లేదు. వానలు వెలసిన పిమ్మట కొండలో దాగిన నీరే వీనికి ప్రాణము.

చెట్లు నరికి, గ్రావెలుకొరకు వాలును త్రవ్వినచో ఏమగును? నీరు ఇంకక ఒక్కసారిగా పరుగెత్తును. మట్టి కొట్టుకొనివచ్చి చెరువు పూడును. వేసవిలో బావి ఎండును. నీరు మట్టిని ఎంత లోతుగా కోయగలదో భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలలో కన్నులార చూడవచ్చును. క్వారీవలన వచ్చు ఆదాయము కొన్ని ఏండ్లతో ముగియును. పోయిన మట్టిపొర మన మనుమల కాలమునకును తిరిగి రాదు.

షెడ్యూల్డు ప్రాంతములలో ఇసుక, గ్రావెలు, రాయివంటి చిన్నతరహా ఖనిజములకు లీజు ఇచ్చుటకు ముందు గ్రామసభ లేక పంచాయతీ సిఫారసు ఉండవలెనని 1996 నాటి కేంద్ర చట్టము విధించినది. అట్టి ప్రతిపాదన వచ్చినపుడు, ఆ వాలునుండి ఏ చెరువునకు, ఏ బావులకు నీరు వచ్చుచున్నదో సభ్యులు ముందుగా విచారింపవలెను. మైదాన గ్రామముల సభ్యులును ఒకనాడు వాగు వెంబడి కొండవరకు నడచి, ఊటలను, చెరువునకు నీరు తెచ్చు కాలువలను గుర్తించి, పంచాయతీ పుస్తకమున వ్రాయించుట మంచిది. బోడివాలులపై చెట్లు నాటించి, వాలునకు అడ్డముగా కందకములు త్రవ్వించి, వాగులలో రాతికట్టలు వేయించినచో నీటి వడి తగ్గును.

పూడిక తీయుటకు మాటిమాటికి వ్యయము చేయుటకంటె, కొండమట్టి కొండమీదనే నిలుచునట్లు చూచుట పంచాయతీకి లాభము.