పిల్లలు తరచూ తడబడుతున్నారా? తిట్టే ముందు ఇది చదవండి

గ్లాసు పట్టుకుంటే నీళ్లు ఒలికిపోతాయి. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పది నిమిషాలు. నోటుబుక్కు తెరిస్తే కోడి గెలికినట్టు రాత. ఆటల్లో ఎవరూ చేర్చుకోరు. ఇంట్లో, బడిలో అందరిదీ ఒకటే మాట.. ‘శ్రద్ధ లేదు, ఒట్టి బద్ధకం’ అని. కానీ కొందరు పిల్లల విషయంలో అది బద్ధకం కాదు. దీన్ని డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్ (డీసీడీ) అంటారు. డిస్‌ప్రాక్సియా అన్న పేరు కూడా వాడతారు. బడి వయసు పిల్లల్లో సుమారు 5 నుంచి 6 శాతం మందికి ఇది ఉంటుందని అంచనా. ఇది తెలివి తక్కువ కావడం వల్ల వచ్చేది కాదు.

అసలు ఏం జరుగుతుంది?

ఏ పనికైనా మూడు మెట్లుంటాయి. ఏం చేయాలో అనుకోవడం, ఏది ముందు ఏది తర్వాత అని మెదడు లెక్క వేసుకోవడం, ఆ తర్వాత చేయడం. ఈ పిల్లల్లో చాలామందికి ఆ లెక్క దగ్గరే చిక్కు వస్తుంది. చొక్కా వేసుకోవాలని తెలుసు, కానీ ఏ చెయ్యి ముందు దూర్చాలో తోచదు.

రెండోది, శరీరం మీద ఎరుక. కళ్లు మూసుకున్నా అన్నం ముద్ద సరిగ్గా నోటికే వెళ్తుంది కదా! కండరాలు, కీళ్ల నుంచి మెదడుకు నిరంతరం సమాచారం అందడం వల్లే అది సాధ్యం. ఆ సమాచారాన్ని మెదడు సరిగ్గా వాడుకోలేకపోతే ఎంత గట్టిగా పట్టుకోవాలి, కాలు ఎంత ఎత్తాలి అన్న అంచనా తప్పుతుంది. అందుకే పెన్సిల్ మొన విరుగుతుంది, నడుస్తుంటే భుజం తలుపుకు తగులుతుంది. మనకు అలవాటైన పని వాళ్లకు ప్రతిసారీ కొత్తే. పైగా ‘తొందరగా కానీయ్’ అని అరిస్తే ఆ కాస్త లెక్క కూడా చెదిరిపోతుంది.

ఇంట్లో, బడిలో ఏం చేయాలి?

* పిల్లలు నేర్చుకోవాలనుకునే ఒక్క పనిని ఎంచుకోండి. దాన్ని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, రోజూ కాసేపు ఆ పనినే చేయించండి.
* ‘ముందు ఏం చేస్తావు? తర్వాత?’ అని అడిగి వాళ్లతోనే చెప్పించండి. కుదరకపోతే ఎక్కడ తేడా వచ్చిందో వాళ్లనే చూడనివ్వండి.
* లేసుల బదులు అంటించే పట్టీ ఉన్న బూట్లు, పెద్ద గుండీల చొక్కాలు కొనండి.
* రాయడానికి ఎక్కువ సమయం ఇవ్వాలని, కొన్ని జవాబులు నోటితో చెప్పించుకోవాలని టీచర్‌ను కోరండి.
* అన్నతోనో చెల్లితోనో పోల్చవద్దు.

ఎవరికి చూపించాలి?

ముందుగా పిల్లల డాక్టర్‌కు చూపించండి. చూపు, నరాలు, కండరాల సమస్యలు ఏవైనా ఉన్నాయేమో ఆయన పరీక్షిస్తారు. ఇంతకుముందు వచ్చిన పని ఇప్పుడు రాకుండా పోతున్నా, ఒకవైపు చెయ్యి, కాలు బలహీనంగా ఉన్నా ఆలస్యం చేయొద్దు. డీసీడీని సాధారణంగా ఐదేళ్లు దాటాకే నిర్ధారిస్తారు. దీన్ని పూర్తిగా పోగొట్టే మందు లేదు. ఆక్యుపేషనల్ థెరపిస్ట్ దగ్గర సాధన చేస్తే రోజువారీ పనులు తేలికవుతాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో ఏర్పాటైన డీఈఐసీ కేంద్రాల్లో పిల్లల ఎదుగుదల సమస్యలను ఉచితంగా చూస్తారు.

రోజూ తిట్లు తినే పిల్లలు కొన్నాళ్లకు ప్రయత్నించడమే మానేస్తారు. చేతి తడబాటు కన్నా పెద్ద నష్టం అదే.