గోడ దాటిన బొమ్మ

1895లో జగదీశ్ చంద్రబోసు కలకత్తాలో ఒక ప్రదర్శన ఇచ్చారు. ఆయన ఉత్పత్తి చేసిన విద్యుదయస్కాంత తరంగాలు గోడలను దాటిపోయి అవతలి గంటను మోగించాయి. ముందుగదిలోని టీవీ దృశ్యాన్ని తీగ లేకుండా పడకగదికి పంపే పరికరానికి కూడా ఆ ధర్మమే ఆధారం.

సెట్‌టాప్ బాక్సుకు ప్రసారిణిని, రెండవ టీవీకి గ్రాహకాన్ని తగిలిస్తారు. ప్రసారిణి దృశ్యాన్ని, ధ్వనిని రేడియో తరంగాలపై ఎక్కించి పంపుతుంది. గ్రాహకం వాటిని విడదీసి టీవీకి అందిస్తుంది. పాత పరికరాలు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం వద్ద పనిచేసేవి. మైక్రోవేవ్ ఓవెన్ తరంగాలూ దాదాపు అక్కడివే. కనుక వంటింట్లో ఓవెన్ పనిచేయగానే పడకగదిలో బొమ్మ చెదిరేది! 5.8 గిగాహెర్ట్జ్‌కు మారితే ఆ బాధ తప్పుతుంది. కాని గోడలు ఆ తరంగాలను మరింత బలహీనపరుస్తాయి.

మరి పడకగదిలో కూర్చుని ఛానల్ మార్చడమెట్లు? రిమోట్ వెలువరించేది పరారుణ కాంతి. అది గోడను దాటలేదు. అందువల్ల గ్రాహకం ఆ సంకేతాన్ని రేడియో తరంగంగా మార్చి వెనుకకు పంపుతుంది. ప్రసారిణి దానిని తిరిగి పరారుణ కాంతిగా మార్చి బాక్సుపై ప్రసరింపజేస్తుంది. బొమ్మ ఇటు వస్తుండగా ఆజ్ఞ అటు పోతుందన్నమాట.

అయితే తరంగానికి మన గోడ, పొరుగువారి గోడ అనే భేదం లేదు. పాత అనలాగ్ పరికరాలు సాధారణంగా సంకేతాన్ని గుప్తపరచేవి కావు. అదే ఛానల్‌కు అమర్చిన గ్రాహకం పక్కింట్లో ఉంటే మన బొమ్మ అక్కడా కనిపించేది. సీరియలైతే నష్టం లేదు. ఊయలలోని పసిపాపను కనిపెట్టేందుకు అమర్చిన కెమెరా అయితే? నేటి డిజిటల్ పరికరాలలో చాలావరకు దృశ్యాన్ని గూఢలిపిలోకి మార్చి పంపుతాయి. దానిని విప్పే తాళపుచెవి ఉన్న గ్రాహకానికే ఆ బొమ్మ దక్కుతుంది.