గ్యాస్ బ్లాక్ మార్చాక రైఫిల్ ఎందుకు మొరాయిస్తుంది?

తూటా పేలుతుంది. బుల్లెట్ గురికి తగులుతుంది కూడా. కానీ ఖాళీ కేసు సగం బయటికొచ్చి బోల్టుకీ, కేసు బయటపడే కంత అంచుకీ మధ్య ఇరుక్కుంటుంది. లేదా కేసు పడిపోతుంది గానీ మ్యాగజైన్‌లోంచి తర్వాతి తూటా ఎక్కదు, మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే ఉత్త టిక్కుమనే చప్పుడు. అమెరికాలో ఏఆర్-15 తరహా సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కి సొంతంగా కొత్త గ్యాస్ బ్లాక్ బిగించుకున్నవాళ్లు గన్‌స్మిత్ దగ్గర చెప్పుకునే బాధ చాలాసార్లు ఇదే. అమర్చిన భాగం కొత్తది, కొలత సరైనది, స్క్రూలు గట్టిగానే ఉన్నాయి. మరి లోపం ఎక్కడ?

అది తెలియాలంటే ఈ రైఫిల్ తనంతట తాను తూటా ఎలా మార్చుకుంటుందో ముందు చూడాలి. మందు కాలినప్పుడు పుట్టే వాయువు బుల్లెట్‌ని ముందుకు తోస్తుంది. బ్యారెల్ పైభాగంలో, దారి మధ్యలో ఒక చిన్న చిల్లు ఉంటుంది. చాలా రైఫిళ్లలో దాని వెడల్పు రెండు మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. బుల్లెట్ ఆ చిల్లు దాటిన క్షణంలో కొంత వాయువు పైకి ఎక్కుతుంది. దాన్ని పట్టి వెనక్కి మళ్లించేదే గ్యాస్ బ్లాక్. అందులోంచి సన్నని స్టీలు ట్యూబు బ్యారెల్ మీదుగా వెనక్కి వెళ్లి, బోల్ట్ క్యారియర్ నెత్తిన ఉండే కీ అనే చిన్న గొట్టంలోకి వాయువును వదులుతుంది. అక్కడి నుంచి అది క్యారియర్ లోపల, బోల్టు వెనక ఉన్న గదిలోకి చేరి వ్యాకోచిస్తుంది. క్యారియర్ వెనక్కి జరుగుతుంది, బోల్టు తిరిగి తాళం విడుతుంది, ఖాళీ కేసు ఎగిరిపోతుంది, స్ప్రింగు మళ్లీ అన్నిటినీ ముందుకు తోస్తూ కొత్త తూటాను ఎక్కిస్తుంది. యూజీన్ స్టోనర్ 1956లో పేటెంటుకి దరఖాస్తు చేసి 1960లో పొందిన అమరిక ఇది. పిస్టన్ కడ్డీ బరువు లేకుండా రైఫిల్‌ని తేలిక చేసింది.

ఈ పనికి దొరికే సమయం చూస్తే నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే. చిల్లు దాటాక బ్యారెల్ మూతి దాకా బుల్లెట్‌కి 18 సెంటీమీటర్లు మిగిలి ఉంటే, సెకనుకు 900 మీటర్ల వేగం మీద దానికి పట్టేది సెకనులో అయిదు వేలవ వంతు. బుల్లెట్ మూతి దాటగానే బ్యారెల్‌లో ఒత్తిడి పడిపోతుంది. రైఫిల్ పూర్తి వరసను నడిపే ఊపిరి ఆ లిప్తకాలంలోనే రావాలి. అందుకే చిల్లులో పావు వంతు మూసుకున్నా క్యారియర్‌కి చాలినంత తోపు అందకపోవచ్చు. అది వెనక్కి కొంత దూరమే వెళ్లి తిరిగొస్తుంది. కేసును లాగేంత దూరం వెళ్లి తర్వాతి తూటా వెనక్కి చేరకపోతే, తూటా కూర్చునే గది ఖాళీగానే మూసుకుంటుంది. అంతకంటే తక్కువ వెళితే కేసే ఇరుక్కుంటుంది. పై రెండు లక్షణాలకూ మూలం ఒక్కటే.

గ్యాస్ ఎంత సున్నితమైన లెక్కో అమెరికా సైన్యం వియత్నాంలో నేర్చుకుంది. ఇదే అమరికతో నడిచే ఎం16 రైఫిల్ తూటాల్లో మొదట వాడిన మందు మారి, 1964 నుంచి బాల్ పౌడర్ అనే మరో రకం వచ్చింది. దాని ఒత్తిడి తీరు వేరు, మసి ఎక్కువ. పనిచేసే వేగం పెరిగింది, బోల్టులు మొరాయించాయి. తూటా గదికి క్రోమ్ పూత లేదు, శుభ్రం చేసే సామాను సైనికులకు సరిగా అందలేదు. 1967లో రిచర్డ్ ఐకార్డ్ నేతృత్వంలోని అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం దర్యాప్తు చేసి, తగినన్ని పరీక్షలు లేకుండా మందు మార్చడాన్ని గట్టిగా తప్పుపట్టింది. జామ్ అయిన రైఫిళ్ల పక్కన సైనికులు చనిపోయారు. గ్యాస్ వ్యవస్థలో చిన్న మార్పు అనేదే లేదని నేను పదేపదే చెప్పడానికి ఆ చరిత్రే కారణం.

మళ్లీ మన బ్లాక్ దగ్గరికి వద్దాం. బిగించాక చిల్లు కనబడదు. అసలు చిక్కంతా అక్కడే. డ్రిప్ వేసే రైతు మెయిన్ పైపుకి రంధ్రం వేసి, దాని మీద సాడిల్ బిగించేటప్పుడు రెండు రంధ్రాలూ ఎదురెదురుగా పడేలా చూసుకోవడం లాంటి పనే ఇది. తేడా ఏమిటంటే ఇక్కడ నీరు కారి తప్పు చెప్పదు.

మొదట, కొనే భాగం బ్యారెల్‌కి సరిపోవాలి. బ్యారెల్ మీద బ్లాక్ కూర్చునే చోట వ్యాసం చాలా రైఫిళ్లలో 0.750 అంగుళం. పల్చని పెన్సిల్ బ్యారెల్‌కి 0.625, బరువైనదానికి 0.936. ట్యూబు పొడవులోనూ పిస్టల్, కార్బైన్, మిడ్, రైఫిల్ అని నాలుగు రకాలు. ఇవి కొలిచే కొనాలి, గుర్తున్నదాన్ని నమ్మి కాదు. ఇక పని మొదలుపెట్టే ముందు మ్యాగజైన్ తీసి, తూటా గదిలో ఏమీ లేదని కంటితోనూ వేలితోనూ చూసుకోవాలి. పని చేసే చోట అసలు తూటాలే లేకుండా చేయాలి. కళ్లకు అద్దాలు తప్పనిసరి, చిన్న పిన్నులు ఎగురుతాయి.

పాత బ్లాక్ విప్పగానే నేను ముందు చూసేది మసి ముద్ర. చిల్లు చుట్టూ నల్లటి గుండ్రని మరక ఉంటుంది. చిల్లు ఆ మరకకు సరిగ్గా మధ్యలో ఉందా, ఒక పక్కకి ఒరిగిందా అన్నది పాత బ్లాక్ ఎక్కడ కూర్చుందో చెప్పేస్తుంది. పక్కకి ఒరిగితే కొత్త బ్లాక్ కొనకుండానే సమస్య దొరికినట్టే. చాలామంది ఇది తుడిచేశాక గాని గుర్తు చేసుకోరు.

ముందు వెనకల స్థానం కొలతతో తేలాలి. బ్లాక్ వెనక అంచు ఆనుకునే మెట్టు బ్యారెల్ మీద ఉంటుంది. ఆ మెట్టు నుంచి చిల్లు మధ్య వరకూ కాలిపర్‌తో కొలవండి. బ్లాక్ వెనక అంచు నుంచి దాని లోపలి రంధ్రం మధ్య వరకూ కొలవండి. రెండింటి తేడాయే వదలాల్సిన ఖాళీ. పాత తరహా హ్యాండ్‌గార్డులకు మెట్టు దగ్గర ఒక రేకు టోపీ ఉండేది, అందుకు బ్యారెల్ తయారీదారులు సుమారు 0.76 మిల్లీమీటరు చోటు ఉంచేవారు. ఇప్పుడు టోపీ లేకుండా బ్లాక్‌ని మెట్టుకి ఆనించి బిగిస్తే రంధ్రం వెనక్కి జరుగుతుంది. చిల్లే రెండు మిల్లీమీటర్లయితే ముప్పావు మిల్లీమీటరు ఎంత తీసేస్తుందో ఊహించుకోవచ్చు. అయితే అన్ని బ్లాకులూ ఆ ఖాళీ అడగవు, అందుకే కొలత.

పక్కలకు తిరగడం మరో సంగతి. బ్లాక్ అడుగున ఉండే రెండు స్క్రూలనూ పూర్తిగా బిగించకముందే ట్యూబును రోల్ పిన్నుతో అమర్చుకోవాలి. దాని రంధ్రం కిందికి, బ్యారెల్ వైపు ఉండాలి. తర్వాత క్యారియర్‌ని, బోల్టు లేకుండా, రిసీవర్ లోపల చేత్తో ముందుకి తోయండి. కీ ట్యూబు కొన మీదికి మెత్తగా ఎక్కిందా? చివరి రెండు సెంటీమీటర్లలో ఏ పక్కనైనా రాపిడి తగిలితే బ్లాక్ ఆ పక్కకు తిరిగి ఉందని అర్థం. చేతికి తెలిసే ఈ రాపిడిని ఏ పరికరమూ ఇంత బాగా చెప్పదు. బలంతో తోసి ఊరుకుంటే ట్యూబు కొన అరిగిపోతుంది.

స్క్రూలు ఎందుకు వదులవుతాయి? బ్యారెల్ వేడెక్కుతుంది, ప్రతి తూటాకీ బ్లాక్ అదురుతుంది. మామూలు నీలం రంగు థ్రెడ్‌లాకర్ 150 డిగ్రీల సెల్సియస్ దాటితే పట్టు విడుస్తుంది. ఎడతెగని షూటింగులో బ్యారెల్ అంతకంటే వేడెక్కుతుంది. అందుకే వేడికి కరగని రాక్‌సెట్ లాంటిది వాడతారు. ఇంకా మేలు, స్క్రూ కొన కూర్చునేందుకు బ్యారెల్ అడుగున జిగ్ సాయంతో చిన్న గుంట చేయడం. అది బ్యారెల్‌ని పొడవకూడదు, గుంట మాత్రమే. ఆ పని గన్‌స్మిత్‌కే అప్పగించమని నా సలహా. ఒకసారి తప్పు చోట గుంట పడితే బ్లాక్‌ని అదే తప్పు చోట బిగించేస్తుంది.

రైఫిల్ బలహీనంగా నడిస్తే కొందరు వెంటనే చిల్లునే డ్రిల్‌తో పెద్దది చేస్తారు. దయచేసి వద్దు. చిల్లు పెద్దదవుతుంది గానీ చిన్నది కాదు. లోపం నిజానికి పక్కకి జరిగిన బ్లాక్‌దైతే, దాన్ని సరిచేసిన రోజున గ్యాస్ అతిగా వచ్చి బోల్టును కొడుతుంది. సప్రెసర్ వాడేవాళ్లకు సర్దుబాటు స్క్రూ ఉన్న బ్లాకులు వచ్చింది ఇందుకే. సప్రెసర్ ఒత్తిడిని లోపల ఎక్కువసేపు నిలుపుతుంది కాబట్టి అక్కడ గ్యాస్ తగ్గించుకోవాలి.

ఇదంతా అమెరికా సంగతి. అక్కడ కూడా రాష్ట్రాన్ని బట్టి చట్టం మారుతుంది, టెక్సస్‌లో చెల్లింది కాలిఫోర్నియాలో చెల్లకపోవచ్చు. అక్కడి తెలుగువాళ్లు రేంజికి వెళ్లే ముందు ఇది చూసుకోవాలి. మన దేశంలోనైతే 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం తుపాకి మరమ్మతు వృత్తికే లైసెన్స్ ఉండాలి.

బ్లాక్ బిగించాక పరీక్ష ఇలా చేస్తారు. రేంజిలో మ్యాగజైన్‌లో ఒకే ఒక్క తూటా పెట్టి పేల్చాలి. క్యారియర్ పూర్తిగా వెనక్కి వెళ్లి బోల్టు తెరిచి నిలబడితే గ్యాస్ చాలుతోంది. మూసుకుపోతే తక్కువ. ఖాళీ కేసులు ఎటు పడుతున్నాయో చూడండి. రైఫిల్ ముందు వైపు పన్నెండు అనుకుంటే, కుడివైపు 3, 4 గంటల దిక్కుకి పడటం ఆరోగ్యం. మరీ ముందుకి ఎగిరితే గ్యాస్ ఎక్కువ, బాగా వెనక్కి, నీరసంగా పడితే తక్కువ. అయితే స్ప్రింగు, బఫర్ బరువు కూడా దీన్ని మారుస్తాయి కాబట్టి కేసుల దిక్కొక్కటే తీర్పు కాదు. మొదట్లో బ్లాక్ అంచున కాస్త మసి కనిపిస్తే కంగారు అక్కర్లేదు, ఆ మసే తర్వాత సందును పూడుస్తుంది. బ్లాక్ అంచు నుంచి బ్యారెల్ మీదికి సన్నటి పెయింట్ గీత ఒకటి గీసి, వందేసి తూటాలకోసారి అది కలిసే ఉందో లేదో చూసుకుంటే చాలు.