ఇంటి చాకిరీ లెక్కలో దాగిన పది రెట్లు

కేంద్ర గణాంక శాఖ 2025 ఫిబ్రవరిలో 2024 సమయ వినియోగ సర్వే ఫలితాలు విడుదల చేసినప్పుడు ఎక్కువ పత్రికల్లో రెండు అంకెలే శీర్షికకెక్కాయి. ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తుంటే మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. మూడు రెట్ల పైచిలుకు తేడా. అది చదివి, మగాళ్లు కూడా గంటన్నర చేస్తున్నారే, పర్వాలేదు అనుకున్నవాళ్లు ఉంటారు. కానీ ఆ 88 దేశంలోని మగవాళ్లందరి సగటు కాదు. సర్వేలో అడిగిన రోజున ఇంటిపనిలో చెయ్యి పెట్టినవాళ్ల సగటు. కంచం ముందు కూర్చుని లేచి వెళ్లినవాళ్లు ఆ లెక్కలోకే రారు.

చెయ్యి పెట్టేవాళ్లు ఎందరో కూడా ఈ సర్వే చెబుతుంది, మనమే ఆ వరుస చదవం. దీనికి ముందు జరిగిన 2019 సర్వే ప్రకారం ఆరేళ్లు, ఆపై వయసున్న ఆడవాళ్లలో 81.2 శాతం మంది ఇంటిపని చేశారు. మగవాళ్లలో 26.1 శాతం. అంటే నలుగురు మగవాళ్లలో దాదాపు ముగ్గురు ఆ రోజు గిన్నె కడగలేదు, చీపురు పట్టలేదు, కూరగాయలు తరగలేదు. అప్పట్లో పని చేసినవాళ్ల సగటు ఆడవాళ్లకు 299 నిమిషాలు, మగవాళ్లకు 97. చేయనివాళ్లను కూడా కలిపి సగటు కడితే ఆడవాళ్ల వాటా 243 నిమిషాలు, మగవాళ్ల వాటా 25. తేడా దాదాపు పది రెట్లు. ఇంటిపని గురించి నిజం చెప్పే అంకె నా దృష్టిలో ఇదే. మూడు రెట్లంటే ఇద్దరూ పని చేస్తున్నారు, ఒకరు కాస్త తక్కువ చేస్తున్నారనిపిస్తుంది. పది రెట్లంటే ఒకరు అసలు వంటింటి గడపే తొక్కడం లేదు.

ఈ లెక్క ఎలా తీస్తారో కూడా తెలుసుకోవాలి. ముందురోజు తెల్లవారుజామున 4 గంటల నుంచి మర్నాడు 4 గంటల వరకు ఏమేం చేశారో ఇంటికి వచ్చి అడిగి రాసుకుంటారు. 2024లో ఇలా 1,39,487 ఇళ్లలో 4,54,192 మంది వివరాలు సేకరించారు. రోజును అరగంట గడులుగా విడగొడతారు. ఒక్కో గడిలో మూడు పనులకే చోటు. పది నిమిషాలైనా పట్టని పనిని విడిగా నమోదు చేయరు.

మన ఊళ్లలో ఒక మామూలు ఇంట్లో ఉదయం ఆరు నుంచి ఆరున్నర దాకా ఉన్న గడి తీసుకోండి. వాకిలి ఊడ్చి నీళ్లు చల్లడం, నాలుగు గీతల్లో ముగ్గు పెట్టడం, పాలు పొయ్యి మీద పెట్టి పొంగకుండా ఓ కన్నేసి ఉంచడం, కుళాయి వచ్చే వేళ కాబట్టి బిందెలు మార్చడం, ఇడ్లీ రేకులు కుక్కర్‌లో పెట్టడం, పిల్లాణ్ణి లేపడం, వాడు లేవకపోతే మళ్లీ వెళ్లి లేపడం, అత్తగారికి పరగడుపున వేసుకోవాల్సిన మాత్ర అందించడం. వీటిలో చాలావాటికి పది నిమిషాలు పట్టదు. ఆ అరగంట కాగితం మీద ‘వంట’ అనో ‘ఇల్లు శుభ్రం చేయడం’ అనో పడుతుంది. సమయం లెక్కలోకి వచ్చినా, నాలుగు పనులు ఒకేసారి మోసిన బరువు రాదు. గ్యాస్ ఎప్పుడు బుక్ చేయాలి, చంటిదానికి టీకా ఏ రోజు, రేపటి దోసెలకు పప్పు నానబోశానా లేదా అని రోజంతా మనసులో తిరిగే ఆలోచనలకు ఏ గడిలోనూ చోటు లేదు. 243 నిమిషాలు కూడా తక్కువ లెక్కే అంటే అందుకే.

రెండు సర్వేల మధ్య ఐదేళ్లలో ఏం మారింది? ఆడవాళ్లకు 299 నిమిషాలు 289 అయ్యాయి. పది నిమిషాలు తగ్గాయి, మంచిదే. మగవాళ్లకూ 97 నుంచి 88కి, తొమ్మిది నిమిషాలు తగ్గాయి. ఆడవాళ్ల చేతిలోంచి జారిన పని మగవాళ్ల చేతికి చేరలేదన్నమాట. ఏడాదికి రెండు నిమిషాల చొప్పున ఇలాగే తగ్గుతూ, మగవాళ్లు 88 దగ్గరే ఆగిపోతే, ఇద్దరూ సమానం కావడానికి నూరేళ్లు పడుతుంది. ఈ వేగాన్ని మార్పు అని పిలవడానికి నాకు మనసొప్పదు. రోజుకు 289 నిమిషాలంటే ఏడాదికి 1,758 గంటలు. ఎనిమిది గంటల పనిదినాలుగా చూస్తే 220 రోజులు. శని, ఆదివారాలు, పండగలు తీసేస్తే ఒక ఉద్యోగి ఏడాది పని కంటే ఇది పెద్దగా తక్కువేమీ కాదు.

మగవాడు బయట సంపాదించి తెస్తాడు కదా అనే వాదన ఉండనే ఉంది. అందులో కొంత నిజం ఉంది. 2024లో 15 నుంచి 59 ఏళ్ల మగవాళ్లలో 75 శాతం మంది ఉపాధి పనుల్లో ఉండగా ఆడవాళ్లలో 25 శాతమే ఉన్నారు. 2019లో అది 21.8 శాతం. బయట పనికి వెళ్లే ఆడవాళ్లు పెరిగారు. అదే వయసు ఆడవాళ్ల ఇంటిపని మాత్రం 315 నిమిషాల నుంచి 305కే తగ్గింది. పిల్లల్ని, పెద్దల్ని చూసుకునే పనిలోనూ ఇదే తీరు. ఈ వయసు ఆడవాళ్లలో 41 శాతం మంది అందులో ఉంటే మగవాళ్లలో 21.4 శాతం, సమయం 140 నిమిషాలకు 74. మన పల్లెల్లో అయితే సంపాదన వాదన బొత్తిగా నిలవదు. నాట్లు, కలుపుతీత, మిరపకోత ఎక్కువగా ఆడకూలీల చేతుల మీదే నడుస్తాయి. ఉపాధి హామీ పనిదినాల్లో తెలుగు రాష్ట్రాల్లో ఇంచుమించు 60 శాతం ఆడవాళ్లవే. పొద్దంతా పొలంలో వంగి పనిచేసి వచ్చినావిడే చీకటి పడ్డాక పొయ్యి ముందు కూర్చుంటుంది.

ఇక్కడ మనల్ని కలవరపెట్టాల్సిన అంకె ఇంకొకటి ఉంది. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఏడు కారణాలు చదివి వినిపించి, వీటిలో దేనికైనా భర్త భార్యను కొట్టడం సబబేనా అని అడిగారు. చెప్పకుండా బయటికి వెళ్లడం, ఎదురు మాట్లాడటం, అత్తమామలను గౌరవించకపోవడం వంటివి ఆ కారణాల్లో ఉన్నాయి. ఇంటిని, పిల్లల్ని సరిగా చూసుకోకపోవడం ఉంది. వంట సరిగా చేయకపోవడమూ ఉంది. కనీసం ఒక కారణానికైనా సబబేనన్న ఆడవాళ్లు దేశం మొత్తం మీద 45 శాతం. తెలంగాణలో 83.8 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం. హిమాచల్ ప్రదేశ్‌లో 14.8 శాతమే. మన దగ్గర మగవాళ్ల కంటే ఆడవాళ్లే ఎక్కువగా అవునన్నారు.

ఆడదానికి ఆడదే శత్రువు అని తేల్చేయడం సులువు, అది అన్యాయం కూడా. కూర మాడితే దెబ్బ పడొచ్చని చిన్నప్పటి నుంచీ చూసిన మనిషి, అది లోకరీతి అనుకుని జవాబు చెప్పింది. ఆ జవాబులో దెబ్బ మీద ఇష్టం లేదు, చిన్నతనం నుంచి నేర్చుకున్న పాఠం ఉంది. వంటకూ శిక్షకూ ముడి పడినచోట రోజుకు 243 నిమిషాలు ప్రేమతోనే చేస్తున్నారని ఎలా అంటాం?

ఈ పనికి విలువ కట్టే ప్రయత్నం ఎక్కువగా కోర్టుల్లో జరిగింది, అదీ మనిషి పోయాక, ప్రమాద పరిహారం తేల్చేటప్పుడు. 2001లో ఒక అగ్నిప్రమాదం కేసులో సుప్రీంకోర్టు గృహిణి సేవల విలువను నెలకు 3,000 రూపాయలుగా లెక్కగట్టింది. జనగణనలో గృహిణులను బిచ్చగాళ్లతో, ఖైదీలతో కలిపి ఆదాయం లేని వర్గంలో చేర్చడాన్ని 2010లో తప్పుపట్టింది. 2021 జనవరిలో ఢిల్లీ రోడ్డు ప్రమాదంలో భార్యాభర్తలిద్దరూ చనిపోయిన కేసులో, అప్పటి కృష్ణా జిల్లా పొన్నవరంలో పుట్టిన జస్టిస్ ఎన్.వి.రమణ విడిగా తన అభిప్రాయం రాశారు. పైన చెప్పిన 299, 97 నిమిషాలను అందులో పేర్కొన్నారు. 2011 జనగణనలో ఇంటిపనే తమ ప్రధాన వృత్తి అని చెప్పిన ఆడవాళ్లు దాదాపు 16 కోట్లు, మగవాళ్లు 58 లక్షల లోపేనని గుర్తు చేశారు. గృహిణి ఏ పనీ చేయదన్న భావనను వదిలించుకోవాలన్నది ఆ తీర్పు సారం. ఆ మాట కోర్టు గదిలోంచి ఇంకా మన ఇళ్లలోకి రాలేదు. చట్టం కూడా కొంతవరకు పాత దారిలోనే ఉంది. 2017 సవరణతో తల్లికి 26 వారాల జీతంతో కూడిన సెలవు వచ్చింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయిన తండ్రికి దొరికేది 15 రోజులు. ప్రైవేటు ఉద్యోగి అయిన తండ్రికి చట్టం ఒక్క రోజు కూడా ఇవ్వలేదు.

పిల్లలు ఇదంతా ఎక్కడ నేర్చుకుంటారు? ఆర్థికవేత్తలు దివా ధర్, తరుణ్ జైన్, సీమా జయచంద్రన్ హర్యానాలో బడి పిల్లలనూ వాళ్ల తల్లిదండ్రులనూ అడిగి చూశారు. ఆడ, మగ తేడాల విషయంలో పిల్లల అభిప్రాయాలపై తండ్రి కంటే తల్లి ప్రభావమే ఎక్కువని తేలింది. అన్నం తిన్న కంచం అక్క తీస్తుందిలే, నువ్వు చదువుకో అని కొడుకుతో అనే అమ్మ మాట ఎంత దూరం వెళ్తుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. సమయ వినియోగ సర్వేలో ఆరేళ్ల పిల్లల్ని కూడా ఎందుకు లెక్కిస్తారో ఇక్కడే అర్థమవుతుంది. ఆ వయసుకే చీపురు ఒకరి చేతిలోకీ బ్యాటు ఇంకొకరి చేతిలోకీ వచ్చేసి ఉంటాయి.

ఆ ముగ్గురే ఇంకో పరీక్ష కూడా చేశారు. హర్యానాలో 314 ప్రభుత్వ పాఠశాలలను ఎంచుకుని, వాటిలో 150 బడుల్లో ఏడో తరగతికీ పదో తరగతికీ మధ్య రెండున్నరేళ్ల పాటు చర్చా తరగతులు నడిపించారు. దాదాపు మూడు వారాలకోసారి, ఒక్కోటి 45 నిమిషాలు, మొత్తం 27 తరగతులు. బ్రేక్‌త్రూ అనే సంస్థ వీటిని నిర్వహించింది. ఇంటిపని ఎవరు చేయాలి, ఆడపిల్ల చదువు, ఉద్యోగం, వేధింపులు, అన్నీ పిల్లలే మాట్లాడుకున్నారు. వివక్షను సమర్థించే అభిప్రాయాల్లో 16 శాతం మారిపోయాయి. మగపిల్లలు ఇంటిపని మునుపటి కంటే ఎక్కువ చేస్తున్నామని చెప్పారు. తరగతులు ఆగిపోయిన రెండేళ్ల తర్వాత చూసినా ఆ మార్పు నిలిచే ఉంది. పంజాబ్, ఒడిశా ప్రభుత్వాలు ఇదే తరహా పాఠాలను తమ బడుల్లోకి తెచ్చాయి. కేరళ 2024లో మూడో తరగతి పుస్తకంలో వంటింట్లో కొబ్బరి కోరుతున్న నాన్న బొమ్మ వేసింది.

హర్యానా పిల్లల 27 తరగతులకు పట్టిన సమయం మొత్తం కలిపితే 20 గంటల 15 నిమిషాలు. దేశంలో ఇంటిపని చేసే ఆడమనిషి నాలుగు రోజుల్లో దానికి వెచ్చించే సమయం కంటే అది దాదాపు గంట మాత్రమే ఎక్కువ. మన రెండు రాష్ట్రాల హైస్కూళ్లలో ఏ తరగతి టైం టేబుల్లోనైనా నెలకో పీరియడ్, మహా అయితే రెండు పీరియడ్లు కేటాయిస్తే సరిపోతుంది. ఇక సమయ వినియోగ సర్వే మళ్లీ వచ్చినప్పుడు శీర్షికలోని నిమిషాల దగ్గర ఆగకుండా, ఇంటిపనిలో పాల్గొన్న మగపిల్లల శాతం ఎంతో ముందు చూడండి.