కిరీటం పెట్టుకున్నాక అడిగిన బలి

రాణి పదిహేడో పుట్టినరోజు. రాజధాని బ్రిసాదుల్సే వీధుల్లో ఊరేగింపు, ఇరువైపులా జనం. ఉన్నట్టుండి ఎత్తయిన చోట శత్రు మాంత్రికుడొకడు కనిపిస్తాడు. మీ రాణి తనంతట తానే మా దగ్గరికి రావాలి, బలికి సిద్ధపడాలి అని అందరూ వినేలా చెప్పి, తన ఒంటికి తానే నిప్పు పెట్టుకుంటాడు. అమెరికన్ రచయిత్రి రే కార్సన్ 2012లో తెచ్చిన ‘ది క్రౌన్ ఆఫ్ ఎంబర్స్’ ఇలా మొదలవుతుంది. అంతకు ముందు ఏడాది వచ్చిన ‘ది గర్ల్ ఆఫ్ ఫైర్ అండ్ థార్న్స్’కు ఇది రెండో భాగం.

ఈ రాణి పేరు ఎలీసా. మొదటి భాగంలో ఆమె ఒరొవాయె రాజు రెండో కూతురు. లావుగా ఉంటుంది, తిండి ఇష్టం, పుస్తకాలు ఇంకా ఇష్టం. అక్క అలోడియా పక్కన తాను ఎందుకూ పనికిరానని ఆమె గట్టి నమ్మకం. కానీ ఆమె బొడ్డులో ఒక దివ్యరత్నం ఉంది. నూరేళ్లకు ఒక్కరికే దేవుడు దాన్ని ఇస్తాడని, వాళ్లు ఏదో మహాకార్యం చేయాలని అక్కడివాళ్ల విశ్వాసం. ఆ రత్నం మోసినవాళ్లలో చాలామంది చిన్న వయసులోనే పోయారన్న సంగతిని మాత్రం ఆమెకు చెప్పకుండా పెంచారు. జోయా దరేనా రాజును పెళ్లి చేసుకుంటుంది, ఆ పెళ్లిని అతను లోకానికి చెప్పడు. ఎడారి మనుషులు ఆమెను ఎత్తుకుపోతారు. చివరికి ఆ ఎడారి పిల్లలనే దండుగా కూర్చి, శత్రుదేశం ఇన్వియేర్నే సైన్యాన్ని తిప్పికొడుతుంది. యుద్ధంలో భర్త పోతాడు, సింహాసనం ఆమెకు మిగులుతుంది.

కథ అక్కడితో ఆపేసినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కార్సన్ ఆపలేదు. గెలిచిన అమ్మాయి మర్నాడు పొద్దున లేచి రాజ్యం ఏలాలి కదా, అక్కణ్నుంచి ఎత్తుకుంది. రాణి చిన్నది, పరాయి రాజ్యం పిల్ల, పైగా భర్త లేడు. మండలి పెద్దలు రోజూ ఒకటే మాట: పెళ్లి చేసుకో, ఫలానా ప్రాంతపు ప్రభువును చేసుకుంటే ఆ ప్రాంతం మన చేతిలో ఉంటుంది. కోట లోపల హత్యాయత్నాలు జరుగుతాయి. కోట బయట శత్రువు బలి అడుగుతున్నాడు. నాకు ఈ నవల మీద ప్రేమ పుట్టింది ఇక్కడే. బలిపీఠం ఎక్కమనేవాడూ, పెళ్లిపీట ఎక్కమనేవాడూ చెప్పే కారణం ఒక్కటే, దేశం బాగు కోసమని. కార్సన్ ఈ పోలికను ఎక్కడా విప్పి చెప్పదు. రెండు ఒత్తిళ్లనూ పక్కపక్కనే నడిపిస్తుంది, చదివే పదిహేనేళ్ల పిల్లకు ఊపిరి ఆడనట్టు అనిపించే దాకా.

ఆడపిల్లను బలి అడగడం పాత కథే. ట్రాయ్ యుద్ధానికి నావలు కదలాలంటే గ్రీకు రాజు ఆగమెమ్నాన్ తన కూతురు ఇఫిజెనియాను దేవతకు అర్పించాలన్నారు. యూరిపిడీస్ నాటకంలో ఆ పిల్ల మొదట బతకనివ్వమని తండ్రిని వేడుకుంటుంది, తర్వాత తానే చావుకు ఒప్పుకుంటుంది. మనకూ ఉంది. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువుకు గండి పడితే, బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను అర్పిస్తేనే కట్ట నిలుస్తుందని ఆకాశవాణి పలికిందట. ఆమె వెళ్లింది. కట్టమంచి రామలింగారెడ్డి మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుకునే రోజుల్లో దాన్నే ‘ముసలమ్మ మరణం’ కావ్యంగా రాశారు. ఈ కథలన్నిటిలో ఆడపిల్ల ఒప్పుకున్నాకే ఊరు ఊపిరి పీల్చుకుంటుంది. ఆ ఒప్పుకోలు ఎలా వచ్చిందని మాత్రం ఊరు అడగదు.

కార్సన్ అడిగింది. ముగింపు కొంత చెప్పక తప్పదు. ఎలీసా రక్షకదళాధిపతి హెక్టర్ మొదటి నుంచీ ఆమెకు నీడలా ఉంటాడు, ఆమె మనసు అతని మీదికి పోతుంది. ఆమె ఆజ్ఞాపించాల్సిన మనిషి, ఆమె కోసం చావాల్సిన మనిషి. కాబట్టి అది తేలిగ్గా బయటపెట్టే ప్రేమ కాదు. శత్రువులు చివరికి అతన్ని పట్టుకుపోతారు. ఆమె ‘ఇష్టపూర్వకంగా’ రావాలి కదా, అందుకు ఇదీ వాళ్లు కనిపెట్టిన దారి. మెడ మీద కత్తి పెట్టి తెచ్చుకున్న సమ్మతిని త్యాగం అనొచ్చా? ఈ ప్రశ్నను ఇంత సూటిగా పిల్లల ముందు పెట్టిన ఫాంటసీలు ఎక్కువ లేవు.

లోపాలు లేవనను. మంత్రశక్తికి మూలమైన జాఫిరాను వెతుక్కుంటూ సాగే సముద్రయానం కోట లోపలి రాజకీయాలంత బిగువుగా లేదు. చాలా కాలంగా నమ్మిన మనిషి గురించి ఎలీసాకు తెలిసే నిజానికి ఇంకొన్ని పేజీలు ఇవ్వాల్సింది.

ముఖచిత్రం సంగతి ఒకటి చెప్పాలి. మొదటి భాగానికి తొలుత వేసిన అట్టమీద సన్నగా, తెల్లగా ఉన్న అమ్మాయి ఉండేది. పుస్తకంలోని ఎలీసా లావుపాటి, చామనఛాయ పిల్ల. పాఠకులు అభ్యంతరం చెప్పాక, పుస్తకం బజారుకు రాకముందే అట్ట మార్చారు. తన ఒంటిని చూసి తానే సిగ్గుపడే పిల్ల ఆ ఒంటితోనే రాణి అయిన కథకు ఇంకొకరి రూపం తొడగకుండా ఆపింది ఆ పాఠకులే.

2013లో వచ్చిన మూడో భాగం ‘ది బిట్టర్ కింగ్‌డమ్’లో ఎలీసా శత్రుదేశానికి బయల్దేరుతుంది. పిలిచినందుకు కాదు, హెక్టర్‌ను వెనక్కి తెచ్చుకోవడానికి.