శబరి ఒడ్డు నుంచి కార్ల లైనుకు

ఇంజినీరింగ్ పిల్లలకు వేసవి అంటే ఇంటర్న్‌షిప్. శబరి నది ఒడ్డున మన్యంలో ఉన్న చింతూరులో వేసవి అంటే తునికాకు కోత. ఈ రెండింటి మధ్య నలిగిపోతున్న మన్యం పిల్లలకు కార్ల ఫ్యాక్టరీ గేటు దాకా దారి వేయాల్సింది ఎవరు?

మే నెల తెల్లవారుజామున చింతూరు చుట్టుపక్కల గూడేల్లో ఇళ్ల దగ్గర ముసలివాళ్లు తప్ప ఎవరూ కనపడరు. మిగతావాళ్లంతా అడవిలో ఉంటారు. ఎండ ముదరకముందే తునికాకు కోయాలి. ఇంటికి తెచ్చి, నీడపట్టున కూర్చుని, కట్టకు యాభై ఆకుల చొప్పున పేర్చి కట్టాలి. సాయంత్రానికి కల్లం దగ్గర లెక్క చూసే కల్లేదారుకు అప్పజెప్పాలి. కోయ, కొండరెడ్డి కుటుంబాలు ఏడాదిలో డబ్బు కళ్లజూసే రోజులే తక్కువ. వాటిలో ఇవి ముఖ్యమైనవి. వానాకాలం విత్తనాలకైనా, పిల్లల ఖర్చులకైనా ఆకు డబ్బు మీదే ఆశ. సెలవులకు ఇంటికొచ్చిన కాలేజీ పిల్లలు కూడా అమ్మానాన్నలతో అడవికి వెళ్తారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే వాళ్లను కాలేజీ ఫ్యాక్టరీకి వెళ్లమంటుంది. జేఎన్‌టీయూ కాకినాడలో 2020 నిబంధనల కింద చేరిన బీటెక్ విద్యార్థి రెండో ఏడాది అయ్యాక ఒకసారి, మూడో ఏడాది అయ్యాక ఇంకోసారి వేసవిలో రెండేసి నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. డిప్లొమాలోనూ పరిశ్రమలో శిక్షణ తప్పనిసరి. నిబంధన మంచిదే. నాలుగేళ్లు పుస్తకంలో గేరు బాక్సు బొమ్మ గీసి, ఒక్కసారి కూడా గేరు బాక్సు విప్పకుండా ఇంజినీరైపోయిన తరాలను మనం చూశాం. కానీ ఈ నిబంధన రాసినప్పుడు తునికాకు ఎవరికీ గుర్తు రాలేదు.

చింతూరు పిల్లాడు కార్ల ఫ్యాక్టరీ చూడాలంటే ఎంత దూరం వెళ్లాలి? ఆంధ్రప్రదేశ్‌లో కార్లు తయారయ్యే పెద్ద ఫ్యాక్టరీ కొరియా కంపెనీ కియాది. శ్రీ సత్యసాయి జిల్లా పెనుకొండ మండలం ఎర్రమంచిలో ఉంది. చింతూరులో రైలు లేదు. భద్రాచలం వెళ్లి, అక్కడి నుంచి బస్సులోనో, కొత్తగూడెంలో రైలెక్కో విజయవాడ చేరి, గుంటూరు, అనంతపురం దాటి వెళ్లాలి. దాదాపు ఎనిమిది వందల కిలోమీటర్లు. శబరి, సీలేరు కలిసే ప్రాంతం నుంచి చినుకు కోసం ఎదురుచూసే సీమకు ప్రయాణం. ఒకప్పుడు విజయనగర రాజులకు రెండో రాజధానిగా వెలిగిన పెనుకొండ చుట్టూ ఇప్పుడు కొరియన్ హోటళ్ల బోర్డులు కనిపిస్తాయి.

2017 ఏప్రిల్ 27న కియాకు రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. 536 ఎకరాలు, 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యం. హంద్రీనీవా జలాలు చేరే గొల్లపల్లి రిజర్వాయరు దగ్గర ఉండటం వల్ల నీళ్లకు దారి దొరికింది. 2019 ఆగస్టు 8న మొదటి సెల్టోస్ కారు లైను దిగింది. తర్వాత సోనెట్, కారెన్స్ వచ్చాయి. కరువు సీమలో రెండేళ్ల చిల్లరలో కారు తయారైందంటే అది చిన్న సంగతి కాదు. మన్యం పిల్లలకూ ఆ ఫ్యాక్టరీ ఈ రాష్ట్రానిదేనన్న హక్కు ఉందని ఈ కథనం గట్టిగా నమ్ముతోంది.

ఎనభై సెకన్ల లెక్క

ఏడాదికి 3 లక్షల కార్లు అనే మాట పేపర్లో చదివితే ఊరికే ఒక అంకె. ఇంజినీరింగ్ విద్యార్థి దాన్ని మరోలా చదవాలి. ఏడాదిలో 300 పనిదినాలు అనుకుందాం. అంటే రోజుకు వెయ్యి కార్లు. మూడు షిఫ్టుల్లో భోజనాలు, విరామాలు తీసేసి నికరంగా 22 గంటలు లైను నడిచిందనుకుందాం. 22 గంటలంటే 79,200 సెకన్లు. వెయ్యితో భాగిస్తే ఒక్కో కారుకు 80 సెకన్లు కూడా లేవు. ఇలాంటి లెక్కను ఫ్యాక్టరీల్లో టాక్ట్ టైమ్ అంటారు. లైను మీద నిలబడ్డ ప్రతి మనిషి తన పనిని ఆ సమయంలో ముగించాలి. వైపర్ బిగించేవాళ్లయినా, సీటు దింపేవాళ్లయినా అంతే. ఒక్కరు ఆలస్యం చేస్తే వెనక వచ్చే కార్లన్నీ ఆగుతాయి.

వేసవి ఇంటర్న్‌షిప్‌కు వెళ్లిన విద్యార్థిని సాధారణంగా నేరుగా లైను మీద పనికి పెట్టరు. క్వాలిటీలోనో, మెయింటెనెన్స్‌లోనో, ప్రొడక్షన్ ఇంజినీరింగ్‌లోనో ఒక సీనియర్ దగ్గర వదులుతారు. చేతికి చిన్న ప్రాజెక్టు ఇస్తారు. ఒక స్టేషన్ దగ్గర స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడి, పనివాడు ఎన్నిసార్లు వంగుతున్నాడో, బోల్టుల ట్రే కోసం ఎన్ని అడుగులు నడుస్తున్నాడో రాసుకోవాలి. ట్రేను ఓ మూర దగ్గరికి జరిపితే రెండు సెకన్లు మిగిలాయనుకోండి. రోజుకు వెయ్యి కార్ల మీద రెండు వేల సెకన్లు, అంటే అరగంట పైమాట. పైగా ఆ మనిషి నడుముకు కాస్త విశ్రాంతి. ఇలాంటి ఫలితం ఒక్కటి చేతికొస్తే రెండు నెలలూ దండగ కానట్టే.

ఫ్యాక్టరీలో నాలుగు పెద్ద షాపులు. ప్రెస్ షాపులో ఉక్కు రేకు తలుపుగా, బానెట్‌గా రూపం దిద్దుకుంటుంది. బాడీ షాపులో రోబోలు వేల చోట్ల స్పాట్ వెల్డింగ్ వేస్తాయి. పెయింట్ షాపులో కారు బాడీ మొత్తాన్ని ద్రావణంలో ముంచి, కరెంటు పంపి, తుప్పు పట్టకుండా తొలి పూత పట్టిస్తారు. అసెంబ్లీలో ఇంజిను, చక్రాలు, సీట్లు చేరతాయి. చివర్లో బ్రేకుల పరీక్ష, చక్రాల అలైన్‌మెంటు, నీళ్లు కారతాయేమోనని జల్లు పరీక్ష.

ఈ షాపుల్లో మన విద్యార్థి కళ్లు నిలవాల్సిన వస్తువు ఒకటుంది. టార్క్ రెంచ్. చింతూరు సెంటర్‌లో జగదల్‌పూర్ వైపు వెళ్లే లారీ ఆగితే, మెకానిక్ షెడ్డులో చక్రం నట్టు ఎలా బిగిస్తారో అందరూ చూసిందే. పానాకు ఇనుప పైపు తొడిగి, దాని మీద కాలేసి తొక్కుతారు. అనుభవం ఉన్న కాలు కాబట్టి చాలాసార్లు సరిపోతుంది. ఒక్కోసారి నట్టు మర చెడుతుంది, లేదా బోల్టు సాగిపోతుంది. కారు చక్రం నట్టుకు సాధారణంగా కావలసింది నూరు న్యూటన్ మీటర్ల పైచిలుకు బిగింపు. టార్క్ రెంచ్‌లో ఆ అంకె ముందే అమర్చుతారు. అంత బిగువు రాగానే అది ‘టక్’మంటుంది. అక్కడితో ఆపాలి. బిగించాక నట్టు మీద మార్కర్‌తో చిన్న గీత గీస్తారు. ఆ గీత లేని నట్టు ఎవరి కంటైనా పడితే అది బిగించని నట్టు అన్నమాట. షెడ్డులో మేస్త్రి కాలికి తెలిసిన విద్యను ఫ్యాక్టరీ అంకెలోకి, గీతలోకి మార్చింది. ఈ మార్పు ఎందుకు వచ్చిందో అర్థమైన పిల్లవాడు రేపు చింతూరులో సొంత షెడ్డు పెట్టినా మేలైన మెకానిక్ అవుతాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 1961లో జపాన్‌లో షిగేవో షింగో అనే ఇంజినీరు యమదా ఎలక్ట్రిక్ అనే కంపెనీకి వెళ్లాడు. అక్కడ చిన్న స్విచ్‌లో రెండు స్ప్రింగులు పెట్టాలి. పనివాళ్లు అప్పుడప్పుడు ఒకటి మరిచిపోయేవారు. జాగ్రత్తగా ఉండండని ఎన్నిసార్లు చెప్పినా లాభం లేకపోయింది. షింగో ఒక చిన్న పళ్లెం తెప్పించి, ముందు రెండు స్ప్రింగులూ అందులో వేసి, తర్వాత స్విచ్‌లో పెట్టమన్నాడు. పళ్లెంలో స్ప్రింగు మిగిలితే పని పూర్తి కానట్టే. అంతే, తప్పు ఆగిపోయింది. కార్ల ఫ్యాక్టరీల్లో నేడు పోకా యోకే పేరుతో నడుస్తున్న పద్ధతికి ఇదే మొదలని చెబుతారు. దీనికి పెద్ద యంత్రం అక్కర్లేదు, మనిషిని తిట్టనక్కర్లేదు. యాభై ఆకులు తప్పకుండా లెక్కపెట్టి కట్ట కట్టడం చిన్నప్పటి నుంచీ తెలిసిన పిల్లలకు ఇది పట్టుబడటం ఎంతసేపు?

మన్యం పిల్లల దగ్గర ఫ్యాక్టరీ నేర్చుకోవాల్సిందీ ఉంది. చింతూరు, మారేడుమిల్లి మధ్య ఘాట్ దిగేటప్పుడు బ్రేకు లైనర్లు కాలిన వాసన వాళ్లకు చిన్నప్పటి నుంచీ తెలుసు. బ్రేకు మీదే కాలు పెట్టి దిగకూడదని, చిన్న గేరులో ఇంజినే బండిని పట్టుకునేలా దిగాలని జీపు డ్రైవర్లను చూసి నేర్చుకున్నారు. రోడ్డు లేని గూడేలకు ఫీడర్ అంబులెన్స్ బైకులు ఎలా ఎక్కుతున్నాయో, ఎక్కడ ఇరుక్కుంటున్నాయో చూశారు. ఇంట్లో కోయ, బడిలో తెలుగు, సంతలో ఒడియా, హిందీ మాటలు విని పెరిగినవాళ్లకు ఇంకో భాషంటే బెదురు కూడా తక్కువే.

డబ్బులివ్వని పని

ఇక అసలు చిక్కు. ‘జీతం ఇస్తారా?’ అని ఇంట్లో అడిగే మొదటి ప్రశ్నకు పిల్లాడి దగ్గర జవాబు ఉండదు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద చేరినవాళ్లకు స్టైపెండ్ తప్పనిసరి. డిప్లొమా, డిగ్రీ అప్రెంటిస్‌ల కనీస స్టైపెండ్‌లో సగం ప్రభుత్వమే భరిస్తుంది. కానీ చదువు మధ్యలో వేసవి ఇంటర్న్‌షిప్ చేసేవాళ్లు ఆ చట్టం కిందికి రారు. 2024లో వచ్చిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకంలో నెలకు 5 వేలు ప్రకటించినా, మొదలైనప్పటి నిబంధనల ప్రకారం రెగ్యులర్‌గా చదువుతున్నవాళ్లకు అది వర్తించలేదు. అంటే చింతూరు కుటుంబానికి దెబ్బ రెండువైపులా. ఆకు కోతలో ఒక మనిషి కూలి పోతుంది. పెనుకొండలో గది అద్దె, మెస్సు, చార్జీలు ఎదురు పెట్టాలి.

అందుకే చాలామంది దగ్గరి దారి వెతుకుతారు. ఫీజు కడితే చాలు, ఫ్యాక్టరీ మొహం చూడకుండానే సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలు పట్టణాల్లో దొరుకుతున్నాయి. పిల్లల్ని తప్పుపట్టే ముందు వాళ్ల ముందు ఇంకే దారి ఉంచామో చూసుకోవాలి.

చదువుతో పాటు ఫ్యాక్టరీ పని అనే ఆలోచన పుట్టిందే పేద విద్యార్థులను చూసి. అమెరికాలో హెర్మన్ ష్నైడర్ అనే ఆచార్యుడు, చదువు ఖర్చుల కోసం పని చేసుకున్నవాళ్లే తర్వాత మంచి ఇంజినీర్లవుతున్నారని గమనించాడు. 1906లో సిన్సినాటి విశ్వవిద్యాలయంలో 27 మందితో కాలేజీ, ఫ్యాక్టరీ వంతులవారీగా నడిచే కోర్సు మొదలుపెట్టాడు. ఫ్యాక్టరీలో ఉన్నన్నాళ్లూ వాళ్లకు కూలి దొరికేది. నూట ఇరవై ఏళ్ల కిందట కుదిరిన పని మనకెందుకు కుదరదు? అంత దూరం కూడా వద్దు. బెంగళూరు పక్క బిడదిలో టయోటా 2007 నుంచి సాంకేతిక శిక్షణ సంస్థ నడుపుతోంది. కర్ణాటక పల్లెల్లో పదో తరగతి పాసైన పేద పిల్లల్ని ఎంచుకుని, వసతి, భోజనంతో మూడేళ్లు ఉచితంగా నేర్పిస్తోంది.

అలాంటి శిక్షణ చింతూరుకు మరీ అవసరం. ఈ ఊరు ఇప్పటికే చాలా మార్పులు చూసింది. 2014లో ఖమ్మం నుంచి తూర్పుగోదావరికి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాకు మారింది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు శబరి ఎగదన్ని ఈ మండలాన్ని ముంచింది. పోలవరం ప్రాజెక్టు ముంపు భయం ఉండనే ఉంది. పొలం ఉంటుందో పోతుందో తెలియని ఇంట్లో పిల్లాడి చేతి విద్యే ఆస్తి.

చింతూరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ)కూ, ఈ ప్రాంత పిల్లలు చదివే పాలిటెక్నిక్‌లకూ, ఇంజినీరింగ్ కాలేజీలకూ మా విన్నపం ఇది. వేసవి ఇంటర్న్‌షిప్‌కు ఎంపికైన గిరిజన విద్యార్థికి రానుపోను చార్జీలు, రెండు నెలల వసతి, ఆకు కూలికి తగ్గకుండా భత్యం ఇవ్వండి. కంపెనీలతో మాట్లాడే పని పిల్లాడి మీద వదలకుండా కాలేజీ ప్లేస్‌మెంట్ అధికారే తీసుకోవాలి. వీలైతే ఆకు కోత ముగిశాక, జూన్ నుంచి మొదలుపెట్టే వెసులుబాటు యూనివర్సిటీలు ఇవ్వాలి. విద్యార్థులకూ ఒక మాట. ఏప్రిల్ దాకా ఆగకండి. కాలేజీ లేఖ, బోనఫైడ్ సర్టిఫికెట్, బీమా కాగితం సిద్ధం చేసుకుని జనవరిలోనే దరఖాస్తు పంపండి.