ప్రేగువాపు తిరగబెట్టునా? మలపరీక్ష ఇచ్చే ముందుసూచన

మలమును గూర్చి వ్రాయబూనినందుకు మమ్ము చూచి పాఠకులలో కొందరు ముక్కు మూసుకొనవచ్చును. మన పూర్వవైద్యులకు ఈ సంకోచము లేదు. ఇబ్న్ సీనా తన ‘అల్ ఖానూన్’ గ్రంథములో నాడితోను మూత్రముతోను పాటు మలపరీక్షకు కూడ చోటిచ్చాడు. ఆయుర్వేదములోని అష్టస్థాన పరీక్షలో మలము ఒకటి. వారు రంగును, చిక్కదనమును కంటితో చూచారు. నేటి ప్రయోగశాల అదే పదార్థములో కంటికి కానరాని కాల్‌ప్రొటెక్టిన్ అనే మాంసకృత్తును వెదకుతున్నది.

అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ వ్యాధి అనేవి ప్రేగులలో వాపును, పుండ్లను కలిగించే దీర్ఘవ్యాధులు. కొంతకాలము విరేచనాలు, నొప్పి, రక్తము. మందులతో నెలలో సంవత్సరాలో శాంతము. మరల ఒకనాడు తిరగబెట్టడము. ఆ శాంతకాలములో నయమైనదనుకొని మందు మానివేసేవారిని మనమెరుగుదుము. నొప్పి లేనంత మాత్రాన వాపు లేదనలేము. అది నివురుగప్పిన నిప్పు. మన ఇండ్లలో ఆడపిల్లలైతే రక్తము పడినా తల్లికి సైతము చెప్పరు.

వాపు ఉన్నచోటికి న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు చేరుతాయి. వాటి జీవద్రవములోని మాంసకృత్తులలో సుమారు 60 శాతము కాల్‌ప్రొటెక్టినే. ఆ కణాలు ప్రేగుగోడను దాటి నశించగానే అది మలములో కలుస్తుంది. ప్రేగులలోని సూక్ష్మజీవులు దానిని సులభముగా ఛేదించలేవు. నార్వే శాస్త్రజ్ఞుడు మాగ్నె ఫాగర్‌హోల్, ఆయన సహచరులు 1980లో దీనిని వేరుచేశారు.

2000లో లండన్ వైద్యులు ప్రకటించిన పరిశోధన ముఖ్యమైనది. ఏ బాధయు లేని 80 మంది రోగులకు ఒక్కసారి ఈ పరీక్ష చేసి, సంవత్సరముపాటు గమనించారు. 44 మందికి వ్యాధి తిరగబెట్టినది. ఆనాటి కొలతలో లీటరుకు 50 మిల్లీగ్రాములను హద్దుగా తీసుకొంటే, తిరగబెట్టినవారిలో నూటికి 90 మందిని, తిరగబెట్టనివారిలో నూటికి 83 మందిని ఆ పరీక్ష ముందే సరిగా గుర్తించినది. ఇప్పటి పద్ధతిలో గ్రాముకు మైక్రోగ్రాములలో లెక్కిస్తారు. ఆ పాత 50 ఈ లెక్కలో సుమారు 250 అవుతుంది. పాత, కొత్త అంకెలను కలగలిపి భయపడనక్కరలేదు. బాధలు లేని రోగులకు 150ని హద్దుగా తీసుకొనవచ్చునని 2023లో అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘము సూచించినది.

అయితే ఈ అంకె జాతకము కాదు. నొప్పి మాత్రలు వాడినా, జిగట విరేచనాలు పట్టుకొన్నా అది పెరుగుతుంది. మన దేశములో క్రోన్స్ వ్యాధిని తలపించే ప్రేగుల క్షయలోను పెరుగుతుంది. వ్యాధి చిన్నప్రేగుకే పరిమితమైనపుడు దీని సూచన అంత నమ్మదగినది కాదు. కనుక ఒక్కసారి పెరిగితే, మరల పరీక్షించి, వైద్యుడు నిర్ణయించాలి.

అట్లు నిర్ణయిస్తే ఫలమేమి? 2017లో వెలువడిన ఒక పరిశోధనలో 244 మంది క్రోన్స్ రోగులను రెండు వర్గాలు చేశారు. ఒక వర్గమునకు బాధలతోపాటు ఈ మలపరీక్షను, ఒక రక్తపరీక్షను కూడ చూచి మందులు హెచ్చించారు. రెండవ వర్గమునకు ముఖ్యముగా బాధలను బట్టియే హెచ్చించారు. 48 వారాల తర్వాత మొదటి వర్గములో 46 శాతము మందికి, రెండవదానిలో 30 శాతము మందికి ప్రేగులలోని పుండ్లు మానినవి.